వరసలో చివరి ఊరు

శుక్రవారం రాత్రి, ఏలూరు హాస్టల్

ఇవాళ ల్యాబ్‌లో మా తాగునీటి సర్వేకి ఫారెస్ట్ ప్లాట్ అనే గ్రాఫ్ గీశాను. ఒక్కో ఊరికి ఒక చుక్క. చుక్క ఎంత కుడికి జరిగితే ఆ ఊరికి కిడ్నీ జబ్బు ముప్పు అంత ఎక్కువ. ప్రేమకొద్దీ మా ఊరి పేరే మొదట టైపు చేశాను. ముప్పు తక్కువ నుంచి ఎక్కువకి సార్ట్ చేస్తే అదే పైన, అన్నిటికన్నా ఎడమగా నిలిచింది. మనసు తేలికపడింది.

ల్యాబ్ మేడమ్ చూసి, "అంకెలొక్కటే సార్ట్ చేశావమ్మా. పేర్లు కదలనే లేదు," అన్నారు.

"అయ్యో, చూసుకోలేదండీ."

రెండూ కలిపి మళ్ళీ చేశాను. పేర్లు కదిలాయి. పైనుంచి ఒక్కొక్కటే చదివాను. అది నేను ఇంటికెళ్ళే బస్సు వరస. మురుగు కాలువ వెంట, కొల్లేరు వైపు, ఒక్కో స్టేజీ. ఏ ఊరు ఎక్కడుందో కంప్యూటరుకి నేను చెప్పనే లేదు. అట్టడుగున, అన్నిటికన్నా కుడిగా, మా ఊరు.

సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. "మన ఊరి నుంచి నే పంపిన నీళ్ళే తాగుతున్నావా? హాస్టల్ నీళ్ళు నీకు పడవే."

"తాగుతున్నానమ్మా," అన్నాను. నువ్వు తాగొద్దని మాత్రం చెప్పలేకపోయాను.

'తేట' అన్న మాట నాకు చాలా ఇష్టం. అమ్మ పంపిన నీళ్ళ సీసాని దీపానికి ఎత్తి చూశాను. సగం ఖాళీ. ఎంతసేపు చూసినా తేటగానే ఉన్నాయి.