బుజ్జమ్మ కుర్చీ

జూన్ 2, సోమవారం
నా పేరు పుణ్యవతి. అరవై ఎనిమిదేళ్ళు. బరంపురం. మా ఆయన అసిరయ్య పోయి తొమ్మిదేళ్ళయింది. ఇంట్లో కొడుకు శ్రీను, కోడలు వాసవీకుమారి, నేను. నలభై అయిదేళ్ళుగా నేల మీద కూకుని అప్పడాలు ఒత్తుతన్నాను. నాకు అక్షరం రాదు. నేను సెప్తన్నాను, వాసవి రాస్తంది. ఆరు వారాల నొప్పి బుక్కులో రాసి తెమ్మన్నాడు డాక్టరు ప్రద్యుమ్న బాబు. మోకాళ్ళు అరిగాయి గాని ఆపరేషన్‌కి ఇంకా టైమ్ రాలేదట. ముందు ఎక్సర్‌సైజులు సెయ్యాలట, బరువు తగ్గాలట.
మరి నా తోటికోడలు బుజ్జమ్మకి టైమ్ ఎలా వచ్చింది? నాకంటే ఆరేళ్ళు సిన్నది!

జూన్ 5
పక్క వాటాలోనే బుజ్జమ్మ. కొత్త మోకాలు, కొత్త కుర్చీ. గోపాల్‌పూర్ నుంచి కూడా సుట్టాలొచ్చారు, ఆపిల్ పళ్ళతో. వాళ్ళందరికీ టీ మోసింది నేనే, ఈ అరిగిన కాళ్ళతో. నీకెలా ఉందే అని ఒక్కరడగలేదు.

జూన్ 16, ఉదయం 7
డాక్టరు సెప్పిన ఎక్సర్‌సైజు: మోకాలి కింద తువ్వాలు సుట్టి పెట్టి, అయిదు లెక్కపెట్టేదాకా మోకాలితో నొక్కాలి. అలా పదిసార్లు. సేసానని రాయమన్నాను. సెయ్యలేదు కదత్తా అంది వాసవి. సెయ్యకపోతే ఇంకా పాడవుతాయి, అప్పుడు నాకూ ఆపరేషన్ సేస్తారు, నాకూ కుర్చీ వస్తాదని దానికి సెప్పాను. ఈ ముక్క రాయకే అన్నాను. రాసేసింది, దొంగది.

జూన్ 24
నొప్పి పదికి పది. ఇది అబద్ధం కాదు.

జూలై 1
వరండాలో ఎనిమిది మందిమి గుండ్రంగా కూకుని అప్పడాలు ఒత్తాం. బుజ్జమ్మ కూడా వచ్చింది. నేల మీద కూకోవద్దన్నారట దాన్ని. కుర్చీ వేసి, ముందు బల్ల పెట్టాం. అది పైన, మేం కింద. కబుర్లన్నీ కిందే. మేం నవ్వినప్పుడల్లా ఏటి, ఏటి అని అడిగింది. ఎవరూ తలెత్తలేదు. నేనూ ఎత్తలేదు.
ఎల్తా ఎల్తా నా కాడ ఆగింది. ఆపరేషన్‌కి ముందు నొప్పికి నిద్దరుండేది కాదట, బాత్రూమ్‌కి పాక్కుంటూ ఎల్లేదట. ఇప్పుడా నొప్పి లేదు గాని మీ మధ్యలో నా సోటు పోయింది, నీ అదృష్టమే అదృష్టం అక్కా అంది.
దానికి నా మీద కుళ్ళు! నా కడుపు సల్లబడింది.

అదే రోజు, మధ్యాహ్నం 3
తువ్వాలు తెమ్మన్నాను.

జూలై 8
రోజూ పదిసార్లు సేస్తన్నాను. నిజంగా. నొప్పి ఏడు.

జూలై 14
డాక్టరు ముందు వాసవి బుక్కంతా సదివేసింది, దొంగ ముక్కతో సహా. ఆయన నవ్వలేదు. ఎక్సర్‌సైజులు మానేస్తే తొడల్లో బలం పోతాదట, రేపు ఆపరేషన్ సేసినా లేచి నడవడం కష్టమట. నొప్పికి నిద్దర పట్టకపోయినా, నడక ఆగిపోయినా అప్పుడు సేద్దాం, మూడు నెలలకి రమ్మన్నాడు. సివర్న, నేల మీద కూకోవడం మానెయ్యమన్నాడు.
ఆటోలో ఏడిసాను. ఇంక నన్ను సూసి బుజ్జమ్మ దేనికి కుళ్ళుకుంటాది?

జూలై 21
బల్ల కాడ రెండో కుర్చీ వేయించాను. దాని కుర్చీ కంటే నాదే మెత్తగా ఉందంది బుజ్జమ్మ. అది సెవిలో ఏదో సెప్పింది, ఇద్దరం పగలబడి నవ్వాం. కింద వాళ్ళు ఏటి, ఏటి అన్నారు. సెప్పలేదు.

పుణ్యవతి వేలిముద్ర.
సాక్షులు: వాసవీకుమారి, బుజ్జమ్మ.