నానమ్మ కొప్పు, రాజన్న మొక్కు

పాండేసర, సూరత్.

గౌరవనీయులైన సోమలింగం తాతకు, మనవడు ప్రణయ్ నమస్కరించి వ్రాయునది.

ముందుగా క్షమాపణ. ఈ ఉత్తరం చదివాక మీ నోట్లో టీ చేదెక్కినా, సిరిసిల్లలో సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయి నేత ఆగినా, బి.కాం. చదివిన రెండు చేతులూ జోడించి మన్నించమంటున్నాను. నేరం మాత్రం నాది కాదు. మీ చెల్లెలు, మా నానమ్మ బాలవ్వది.

నానమ్మ రొమ్ములోని గడ్డ క్యాన్సరేనని మీకు తెలుసు. ముక్క తీసి పరీక్ష చేస్తే, అది దేని బలంతో పెరుగుతోందో తేలింది. సరిగ్గా దాన్నే గురిచూసి ఆపే మాత్రలు రాశారు. మూడు వారాలు వేసుకోవాలి, ఒక వారం ఆపాలి. ఆపే వారం అయిపోయింది. రక్తపరీక్ష చూసి డాక్టరమ్మ మళ్లీ మొదలుపెట్టమంది. నానమ్మ మొదలుపెట్టడం లేదు. కారణం, జుట్టు ఊడలేదట!

పక్కింటి కొమురవ్వకు క్యాన్సర్ మందుతో జుట్టంతా ఊడింది. తనకూ అంతేననుకుని నానమ్మ తలనీలాలు ముందే వేములవాడ రాజన్నకు మొక్కేసింది. తీరా చూస్తే కొప్పు కదల్లేదు. "కొమురవ్వ మందుకు దమ్మున్నది, నాది ఉత్త పిండిగోలీ" అంటోంది. అన్న మాటంటే ఆమెకు వేదం. కాస్త గద్దించండి.

ఇట్లు,
ప్రణయ్

తా.క.: ఫోన్ చేయకండి. స్పీకర్ పెట్టించి ఇద్దరినీ కలిపి తిడుతుంది.

---

సిరిసిల్ల.

చిరంజీవి ప్రణయ్‌కు తాత దీవించి రాసేది ఏమనగా,

మా చెల్లె చెప్పింది ఖరే. క్యాన్సర్ మందన్నంక జుట్టు ఊడకపోవుడేంది? పైనుంచి వారం ఆపుమన్నరా? నూలు అయిపోతే సేటు గూడ గిట్లనే షెడ్డుకు సెలవిస్తడు. ఆ దవఖానల సరుకు లేనట్టున్నది. జర గట్టి మందు రాయుమను. లేకుంటే నేనే బండెక్కి వచ్చి దవఖానల కూసుంట.

మీ తాత,
సోమలింగం

తా.క.: కొప్పు ఇంకా గంతనే ఉన్నదా? చిన్నప్పుడు దాని జడ గుంజితే నన్ను బడి దాక ఉరికిచ్చి కొట్టింది. జుట్టు ఊడుతదంటే నాకే ఏడుపొచ్చింది. గది దానికి చెప్పకు.

---

పాండేసర.

తాతకు నమస్కారాలు.

గద్దించమంటే గొంతు కలిపారు! మీ ఉత్తరం డాక్టరమ్మకు చదివి వినిపించాను. నవ్వి, విడమరచి చెప్పింది. దాన్ని మన షెడ్డు భాషలో రాస్తున్నాను.

ఒక సాంచా పిచ్చెక్కి, ఎవరూ అడగని బట్టను ఆపకుండా నేస్తోందనుకోండి. కొమురవ్వకు ఇచ్చింది మెయిన్ స్విచ్ లాంటి మందు. పిచ్చిదానితో పాటు మంచి సాంచాలకూ దెబ్బ తగిలింది, జుట్టు పోయింది. ఆమె గడ్డ రకానికి అదే సరైంది. నానమ్మ గడ్డ రకానికి ఆ ఒక్క సాంచా స్విచ్చే దొరికింది. మాత్రలు దాన్ని నొక్కి పట్టుకుంటాయి. అయినా రక్తంలో తెల్లకణాలు కొంత తగ్గుతాయి. అవి కోలుకోవడానికే వారం సెలవు. ఆ తర్వాత కూడా మింగకపోతే పిచ్చిది మళ్లీ ఊపందుకుంటుంది.

నానమ్మకూ ఇదే చెప్పాను. అర్థమైంది. కొత్త పేచీ మొదలైంది.

"మందు మంచిదేరా. ఊడుతయనుకోని మొక్కిన. ఊడలే. ఇప్పుడు ఇయ్యబుద్ధి అయితలేదు. దేవున్ని మోసం చేసుకుంట గోలీ మింగితే ఒంటికి పడ్తదా?"

డబ్బా తీసుకెళ్లి రాజన్న పటం వెనక పెట్టేసింది.

ఇట్లు,
ప్రణయ్

తా.క.: మీరు దవఖానకు రావొచ్చట. తన కుర్చీలో మాత్రం కూర్చోవద్దని డాక్టరమ్మ మనవి.

---

సిరిసిల్ల.

బిడ్డా ప్రణయ్, దీవెనలు.

గిట్ల మొదలే చెప్తే అయిపోవు గద! సాంచాలు బాగుచేసే ముత్యంను గూడ అడిగిన. స్విచ్చు ముచ్చట నిజమే, డాక్టరమ్మకు పని తెలుసు అన్నడు. కాబట్టి గోలీ ఆపద్దు.

ఇగ మొక్కు. బాలవ్వకు గింత లౌక్యం లేదు. దేవునితోని బేరం పెట్టుమని ఎవరో చెవుల ఊదిండ్రు. కొమురవ్వనే అయి ఉంటది. నా తీర్పు రాస్తున్న, దానికి చదివి వినిపియ్యి: మొక్కుమని తెలివి చెప్పింది ఎవరో తలనీలాలు వాళ్లయే. నా చెల్లె కొప్పు ఎవ్వలు ముట్టద్దు.

మీ తాత,
సోమలింగం

తా.క.: కొమురవ్వకు జుట్టు మల్ల మొలిచిందా? మొలవంగనే చెప్పు.

---

పాండేసర.

తాతకు నమస్కారాలు.

తీర్పు చదివి వినిపించాను. నానమ్మ నా ముఖంలోకి కాసేపు చూసింది. పటం వెనక నుంచి డబ్బా తీసింది, మంచినీళ్లు తెమ్మంది, మింగింది. "మా అన్న చెప్పిండంటే రాజన్న చెప్పినట్టే" అంది. గడ్డ సంగతి స్కానింగ్‌లో తేలాలి. అప్పటిదాకా మాత్రలు మానదట. అన్న మీద ఒట్టు పెట్టుకుంది, కాబట్టి మీరు ఆరోగ్యం జాగ్రత్త.

కొమురవ్వకు జుట్టు ఉంగరాలు తిరిగి మొలుస్తోంది. దయచేసి ఆమె జోలికి పోకండి. వచ్చే ఆదివారం నేను సిరిసిల్లలో దిగుతాను. వేములవాడకు మీరు తోడు రావాలి. ఈ ఉత్తరం రాస్తుంటే నానమ్మ వెనక కూర్చుని నా తలకు నూనె రాసి, పాపిట తీసి, ఎందుకో తెగ నవ్వుతోంది.

ఇట్లు,
ప్రణయ్

తా.క.: ఆస్పత్రికి రానని ఆమె మొండికేసిన రోజు, "ఎట్లాగూ పోయే జుట్టే కదా నానమ్మా, రాజన్నకు మొక్కెయ్, పుణ్యమన్నా దక్కుతుంది" అని చెవిలో ఊదింది నేనే.