తోడల్లుడి కారు సౌండు

ఆదివారం రాత్రి, మదనపల్లె

పుంగనూరులో మామ ఇంటికి పోయేసరికి, తోడల్లుడు శేఖర్ తన డీజిల్ కారు బానెట్ ఎత్తి వీధంతటికీ చూపిస్తున్నాడు. కంపెనీ ఎయిర్ ఫిల్టరు డబ్బా తీసేసి, ఎర్రటి కోన్ ఫిల్టరు పెట్టించాడట. "పికప్పు యెట్లుండాదో సూడన్నా!" అన్నాడు.

పదిహేనేళ్ల మెకానిక్కుని నేను. డబ్బా లేకపోతే అది ఇంజిను వేడిగాలినే పీలుస్తుంది, పికప్పు పెరగదన్నాను. ఎవరు వింటారు? చివరికి వాడి కారునే ఒకే మిట్ట మీద రెండుసార్లు ఎక్కించాం, ఒకసారి కోన్‌తో, ఒకసారి పాత డబ్బాతో. ఫోనులో టైము చూస్తే తేడా లేదు. అయినా మామ, "ఆ సౌండు సూడప్పా, పులి మాదిరి ఉండాది" అంటూ వాడి భుజమే తట్టాడు. నా భుజం ఆయన ఎప్పుడు తట్టాడో నాకు గుర్తు లేదు.

తిరిగొస్తూ ఊరు దాటాక కారు ఆపాను. నా ఫిల్టరు డబ్బాకు బయటి గాలి తెచ్చే గొట్టం పీకేశాను. ఇంజిను గుర్రుమంది. "నాయనా, మన కారూ శేఖర్ చిన్నాయన కారు మాదిరే ఉండాదే!" అని వెనక సీట్లో మా పాప చప్పట్లు కొట్టింది.

గొట్టం డిక్కీలో ఉంది. అది లేకపోతే నా ఇంజిను పీల్చేదీ వేడిగాలే. రేపే బిగించాలి.

బుధవారం మామ వస్తున్నాడు. ఆయన్ను బస్టాండు నుంచి తీసుకొచ్చాక బిగిస్తాను.