టోపీ ఎవరి నెత్తిన ఉంటే వాళ్ళే

అక్కా,

ఫోన్ చేస్తే బావకిచ్చేస్తున్నావు. పాపం ఆయన "మీ అక్క వంటింట్లో ఉందమ్మా" అంటాడు, వెనకాల నీ దగ్గు నాకు వినిపిస్తూనే ఉంటుంది. అందుకే ఈ ఉత్తరం. దీన్నైతే విప్పకుండా ఆయన చేతిలో పెట్టలేవు కదా.

మన బ్లడ్ బ్యాంకు ప్రోగ్రాంని సర్వర్ మీదికి మార్చే పని నాకిచ్చారని చెప్పిన రోజు నుంచి నువ్వు నాతో మాట్లాడటం లేదు. అది నువ్వు కట్టిన ప్రోగ్రాం. అక్కడ ల్యాబ్ టెక్నీషియన్‌గా ఉన్న రోజుల్లో, ఎవరూ నేర్పకుండా, ఒక్క కంప్యూటర్‌లో ఒక్క ఫైలుగా కట్టావు. సెలవుల్లో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, అక్షరాలు దిద్దించినట్టు నేర్పింది కూడా దానిమీదే. ఈ రోజు నేను తింటున్న అన్నం నీ చలవే. ఏరు దాటాక తెప్ప తగలేశానని నువ్వనుకుంటున్నావు. నేనూ అదే అనుకుంటున్నాను అక్కా, నా బాధంతా అదే.

మార్చడం బాగానే జరిగింది. రక్తం ఇచ్చినవాళ్ళు, తీసుకున్నవాళ్ళు, గ్రూపులు అన్నీ సరిపోయాయి. తేదీ ఉండాల్సిన చోట ఎవరో "రేపు వస్తానన్నాడు" అని రాసిన రికార్డుల్ని మాత్రం సర్వర్ ససేమిరా అంది. వాటిని చేత్తో ఏరాను. అవి నీ హయాంలోవే, నవ్వకు.

తంటా అంతా టోపీతోనే వచ్చింది. వేరే కంప్యూటర్ల నుంచి ఇద్దరు ఒకేసారి రాస్తే ఆ ఫైలు పాడవుతుందని, రక్తం సంచులుండే చల్లగది తలుపు పక్కన వేలాడే ఎర్ర ఉన్ని టోపీ తీసి, "ఇది ఎవరి నెత్తిన ఉంటే వాళ్ళే రాయాలి" అని నువ్వు రూలు పెట్టావే, అది ఇంకా నడుస్తోంది. సర్వర్‌లో ఎందరైనా ఒకేసారి రాయొచ్చని నోరు నొప్పెట్టేలా చెప్పాను. అందరూ తలూపారు. తలూపి మళ్ళీ టోపీ కోసం చెయ్యి చాపారు.

మొన్న పైన ప్రసూతి వార్డులో ఒకావిడకి రక్తం ఆగలేదు. కంప్యూటర్‌లో రాయకుండా రక్తం సంచి బయటికివ్వకూడదు కదా. సంచులిచ్చే స్టోరాయన కంప్యూటర్ ముందు చేతులు ముడుచుకుని కూర్చున్నాడు. టోపీ పెట్టుకున్న టెక్నీషియన్ ఆ టోపీతోనే భోజనానికి వెళ్ళాడు! డాక్టరమ్మ మెట్లు దిగి పరిగెత్తుకొచ్చి అరిచేదాకా ఎవరూ కదల్లేదు. తల్లీ బిడ్డా బతికారు. "మీ అక్క పెట్టిన రూలమ్మా, ఆవిడ చెప్తేనే తీస్తాం" అన్నాడు స్టోరాయన. నువ్వు ఒక్క మాట చెబితే చాలు. ఆ మాట నిన్ను అడగడానికి నాకు మొహం చెల్లలేదు. నా మొహమాటానికి ఒక ప్రాణం పోయేది.

అందుకే రాజీనామా రాశాను. సోమవారం సూపరింటెండెంటుకి ఇస్తాను. నీ పాత కంప్యూటర్‌ని ఆపమన్నారు. అది నా చేతుల్తో కాదు. వచ్చేవాళ్ళెవరో ఆపుకుంటారు.

నీ పిచ్చుక

*

ఒసే పిచ్చుకా,

కోపం నీ మీద కాదని అబద్ధమాడను. నీ మీదే. పని నీకిచ్చినందుకు కాదు. ఇచ్చారని చెప్పి ఊరుకున్నావు చూడు, అందుకు. "దీన్నెలా కట్టావక్కా?" అని ఒక్కసారి అడుగుతావని ఎదురుచూశాను. నువ్వేమో చచ్చినవాళ్ళ సామాను సర్దినట్టు గుట్టుగా సర్దేశావు. నేను బతికే ఉన్నానే!

ఆ తల్లి సంగతి చదివాక నాకు కూర్చోబుద్ధి కాలేదు. నీకు చెప్పొద్దని మీ బావ చేత ఒట్టు వేయించి, పొద్దున్నే బ్లడ్ బ్యాంకుకి వెళ్ళాను. నువ్వింకా రాలేదు. స్టోరాయన లేచి, టోపీ తీసి నా చేతిలో పెట్టాడు. దాన్ని సంచిలో కుక్కుకుని, అందర్నీ కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టి, "అందరూ ఒకేసారి రాయండి" అన్నాను. ఒక్కరూ వేలు కదపలేదు.

"ఫైలు పోతేనో?" అన్నాడాయన.

"పోతే మా చెల్లెల్ని తిడదాం. ముందు రాయండయ్యా!"

రాశారు. ఆ గదిలో అన్ని కీబోర్డులూ కలిసి మోగడం నేనెప్పుడూ వినలేదు. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి చూశాను, ఒక్క రికార్డూ చెడలేదు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. నా ప్రోగ్రాం పోయిందని కొంత, నువ్వు ఇంత బాగా కట్టావని కొంత. ఏది ఎంతో నాకే తెలీదు.

రాజీనామా చింపెయ్. కట్టిందాన్ని నడిమధ్యలో వదిలేసి పోతే దాని మంచీ చెడ్డా ఎవరు చూస్తారు? పాత కంప్యూటర్‌ని నువ్వే ఆపాలి, నేను నీ పక్కనుండగా ఆపాలి. నేను రాకముందు దాని మీద చెయ్యి వేశావో, వీపు చిట్లుతుంది.

టోపీ ఉతికాను. రంగు దిగి మీ బావ తెల్ల చొక్కా గులాబీ రంగుకొచ్చింది. బాగుందంటూ అదే వేసుకుని తిరుగుతున్నాడు.

ఈ ఉత్తరం అందగానే ఫోన్ చెయ్యి. నేనే ఎత్తుతాను.

అక్క