ముసాంబరం

రియాద్.

జయకు,

నీలాగా 'ప్రభువు నామమున వందనాలు' అని మొదలుపెట్టడం నాకు చేతకాదు. ఉత్త వందనాలే తీసుకో. ఇక్కడ అందరం వేళకు తింటున్నాం. నీ తుంటి ఎముక అతుకుతోందనీ, కర్ర పట్టుకుని వరండా దాకా నడుస్తున్నావనీ తెలిసి సంతోషించాను.

ఫోను ఉండగా ఉత్తరమెందుకని అనుకుంటావు. నువ్వు ఫోను స్పీకరులో పెడతావు. పక్కన మీ తమ్ముడు దయానందం పాస్టరుగారు కూర్చుని, నేను దగ్గినా దానికో వాక్యం చెబుతాడు. అందుకే సెలవు మీద వస్తున్న పునీత్ స్నేహితుడి చేత ఇది పంపుతున్నాను. నువ్వే చదువుకో.

అల్లుడితో గొడవ పడుతున్నానా అని అడిగావు. పునీత్ పొద్దున్నే మెట్రో ఎక్కితే పొద్దుగూకాక వస్తాడు. గొడవకు మనిషి దొరకాలి కదా. ప్రార్థన చేస్తున్నానా అనీ అడిగావు. మన అబ్బాయి పోయిన రోజున, సమాధి మీద మట్టి తడి ఆరకముందే మీ తమ్ముడు నా భుజం మీద చెయ్యి వేసి, "దేవుని చిత్తం బావా, ఓర్చుకోవాలి" అన్నాడు. అని, ఇంటికి వెళ్ళి భోజనం చేశాడు. ఆ మాటకు అర్థం వెతుకుతూ ఎన్ని పుస్తకాలు చదివానో నీకు తెలుసు. రాసినవాళ్ళంతా కడుపు నిండినవాళ్ళలాగే కనిపించారు.

మనవడి చేత పాలు మాన్పించడానికి అంత తొందరేమిటన్నావు. దానికి తర్వాత వస్తాను. ఈ వారంలో మాన్పించి తీరాలి. వాడేమో సీసా విసిరికొడతాడు, తల్లిని వదలడు. మా అమ్మ ఉపాయం గుర్తొచ్చి, రొమ్ముకు పూసే చేదు ముసాంబరం కోసం బత్హా బజారుకు వెళ్ళాను. అక్కడ మూలికలమ్మే నబీ రసూల్‌ది కడప.

"ముసాంబరమా పెద్దాయనా? ఈడ సబిర్ అనాల" అంటూ నల్లటి గడ్డ ఒకటి తీశాడు.

"సబర్ అంటే ఓర్పు కదయ్యా?"

"రెండిటికీ అక్షరాలు అవే. రాస్తే ఒకటే మాట. మా నాయన బతికినన్నాళ్ళూ సబర్, సబర్ అని నాకు చెప్పినాడు. చేదుగా ఉంటాదని మాత్రం చెప్పలా."

చాలా కాలానికి ఒక మాట నన్ను పట్టుకుంది. చేదు మందుకూ ఓర్పుకూ ఒకే అక్షరాలు ఎందుకు పెట్టారు? ఏది ముందు పుట్టింది? దారంతా అదే ఆలోచన. మన 'ఓర్పు' అనే మాటలో ఆ రుచి లేదు. అందుకే మీ తమ్ముడి నోట అంత తేలిగ్గా పలికింది.

ఇంటికొచ్చి అరగదీసి ఇస్తే నమ్రత వెనకాడింది.

"వాడికి నేనంటే అసహ్యం పుడుతుందేమో నాన్నా."

"మా అమ్మంటే నాకు పుట్టిందా?"

"నీకు అందరి మీదా కోపమేగా. నానమ్మ ఒక్కదాన్నే వదిలేశావు."

ఇద్దరం నవ్వాం. జయా, ఇక చెప్పకుండా ఉండలేను. నమ్రత రొమ్ములో గడ్డ ఉంది. పరీక్ష చేయించారు. మంచిది కాదన్నారు. ఆదివారం నుంచి మందు ఎక్కిస్తారు, అది ఎక్కించాక పాలివ్వకూడదు. నువ్వు మంచం మీద ఉన్నావని, నీకు చెప్పనని నా చేత ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టు తప్పుతున్నాను.

పిల్లవాడు నోరు పెట్టాడు. చప్పున వదిలేసి, మోసపోయినవాడిలా తల్లి ముఖంలోకి చూశాడు. గుక్కపట్టి ఏడ్చాడు. ఎత్తుకోబోతే నన్ను తన్నాడు. ఇక నాలాగే అలిగి దూరం పోతాడనుకున్నాను. పోలేదు. ఆ చేదు పూసిన ఎద మీదే తల ఆనించి, ఎక్కిళ్ళు పెడుతూ, మూలుగుతూ పడుకున్నాడు. ఎందుకిలా చేసిందో వాడికి చెప్పే భాష తల్లి దగ్గర లేదు. అది కళ్ళు తుడుచుకుంటూ వాడి వీపు నిమురుతూనే ఉంది.

అంతా అర్థమైపోయిందని రాస్తే అబద్ధం. మన అబ్బాయి ఎందుకు పోయాడో ఇప్పటికీ తెలియదు. ఇన్నేళ్ళూ దేవుణ్ణి దూరంగా కూర్చుని అడిగాను. దగ్గరికి వెళ్ళి అడిగితే ఏమవుతుందో చూడాలనిపించింది. నిన్న వంటగది తలుపు వేసుకుని అడిగాను. అది ప్రార్థనో పోట్లాటో నువ్వే చెప్పాలి. జవాబు రాలేదు. అయినా లేచి రాబుద్ధి కాలేదు.

మీ తమ్ముణ్ణి క్షమించలేదు. అయినా సంఘంలో నమ్రత పేరు చెప్పమను. అతనికి ప్రార్థించడం వచ్చు, ఓదార్చడమే రాదు.

ఇది నీకు అందేసరికి మందు మొదలై ఉంటుంది. నమ్రతకు ఫోను చెయ్యి. ఏడిస్తే ఏడవనీ. ఓర్చుకోమని మాత్రం అనకు. అది మాట్లాడకపోయినా సరే, ఫోను పెట్టేయకుండా ఉండు.

ఇట్లు,
నమ్రత నాన్న