నీలిబొమ్మా, దాని పద్యమూ

వెర్నోల్ గ్రామ కాపురస్తుడు, రైల్వే గేటుమన్‌గా పనిచేసి విరమించిన ఎమీలియన్ గర్దెల్ అనే నేను, డెబ్బై ఎనిమిదో ఏట, బుద్ధి నిలకడగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా స్వదస్తూరితో వ్రాస్తున్న వీలునామా. నాకు భార్యాబిడ్డలు లేరు. నా పుస్తకంలోంచి పోయి, నా చెల్లెలు ఒదిల్ దగ్గరున్న నీలిబొమ్మను వెనక్కి రప్పించాలని ఇదివరలో వ్రాసిన వీలునామాను ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను.

1. ఇల్లు అద్దెది. కోళ్లు, గూడుతో సహా, పక్కింటి ల్యూసెట్‌కు. అవి ఆమె తిట్లకే లొంగుతాయి.

2. యుద్ధం తర్వాతి సంవత్సరాల్లో పారిస్‌లో అచ్చయిన నా బొమ్మల కవితా పుస్తకాలు పట్టణ గ్రంథాలయానికి. రైల్వే పాసు మీద వెళ్లి, నది ఒడ్డున పాతపుస్తకాల పెట్టెల్లో ఏరుకున్నవి. అప్పుడవి ఎవరికీ పట్టేవి కావు. నేను వేలితో చూపించి కొనుక్కునేవాణ్ని.

3. షరతు: వాటిని కుట్టి బైండు చేయించకూడదు. కుట్టు లేని మడత కాగితాలుగానే అవి పుట్టాయి. పద్యం ఉన్న మడతలోనే దాని బొమ్మ ఉంటుంది. చేతులు కడుక్కొని చూసి, అదే వరుసలో పెట్టెలో పెట్టాలి.

4. పాత బొమ్మల వ్యాపారి త్రెమెల్‌కు ఒక్క కాగితం కూడా అమ్మకూడదు. "బొమ్మలు విడదీసి ఫ్రేములు కట్టిస్తే ఎగరేసుకుపోతారు, పెద్దాయనా. పద్యాలెవడిక్కావాలి? పొయ్యి రాజేసుకో" అన్నాడు, నా కాఫీ తాగుతూ. అతనికి ఇదే జవాబు.

5. ఈ వీలునామా అమలుపరచేది మా ఊరి పాత పంతులమ్మ యూగెట్ పారాన్ గారు. అలమరలోని ప్లమ్ పండ్ల సారా ఆమెకు. ఔషధమని చెప్పుకోవచ్చు.

6. ఇక నీలిబొమ్మ. దండెం మీద దుప్పట్లు ఆరేస్తున్న ఆడమనిషి. నేను గేటు దగ్గర డ్యూటీలో ఉండగా ఒదిల్ దాన్ని ఆ పుస్తకాల్లో ఒకదాన్నుంచి తీసుకుపోయి, ఫ్రేము కట్టించి, తన వంటింట్లో తగిలించింది. అడిగితే, "నీ బీరువాలో ఊపిరాడక చస్తోంది, అన్నయ్యా. నా గోడ మీద వెలుతురైనా చూస్తుంది" అంది. ఆమె భర్త ఫెర్నాన్, "అదేమన్నా నీ పెళ్లామా బావా, ఎత్తుకొచ్చామని ఏడుస్తున్నావ్?" అని నవ్వాడు. ఆ తర్వాత వాళ్ల గడప తొక్కలేదు. దారిలో ఎదురైతే టోపీ తీసేవాణ్ని, అంతే.

ఈ మార్చిలో ఫెర్నాన్ పోయాడు. వెళ్లాను. అంత్యక్రియలయ్యాక ఒదిల్ వంటింట్లో కూర్చోబెట్టి సూపు పెట్టింది. బొమ్మలో నీలం ఎండకు వెలిసి బూడిదరంగయింది. ఒదిల్ దాని వంకే చూస్తూ, "ఆయన మంచాన పడ్డాక రోజూ దుప్పట్లు ఉతకడమే కదా అన్నయ్యా. నాకు తోడున్నది ఇదొక్కతే. 'ఇవాళైనా ఆరతాయంటావా అమ్మా?' అని దీన్నే అడిగేదాన్ని" అంది. బొమ్మ ఇమ్మని అడగడానికే వెళ్లాను. అడగలేదు.

7. కనుక ఆ బొమ్మను గోడ మీదినుంచి ఎవరూ దించకూడదు. ఆ పుస్తకంలో మిగిలిన కాగితాలన్నీ, పెట్టెతో సహా, గ్రంథాలయానికి కాక ఒదిల్‌కు సర్వహక్కులతో చెందుతాయి. బొమ్మ ఉండవలసిన చోట తెల్లకాగితం పెట్టాను. దాని పక్కనే పద్యం. చిన్నది, అక్షరాలు పెద్దవి. ఒదిల్, కాఫీ పెట్టుకున్నాక బొమ్మలో ఆమెకు వినపడేలా పైకి చదువు. ఇన్నేళ్లుగా ఆమె తన పద్యం వినలేదు.

వెర్నోల్, 1987 నవంబర్ 9.

(సంతకం) ఎమీలియన్ గర్దెల్

సాక్షులు (చట్టానికి అక్కర్లేదన్నారు, నాకు కావాలి):
ల్యూసెట్ బోర్దియే
అర్మాన్ కోశెరీ, రొట్టెల దుకాణం