కార్డు రజిత మాట వింది

మంగళవారం, కరీంనగర్

క్లయింటు మెయిన్‌ఫ్రేమ్‌లోని నెట్‌వర్క్ కార్డు ఇవాళ మా టీంలోని రజిత మాట వింది. నిన్నటిదాకా నా ప్రోగ్రాం ఆ కార్డు మెమరీలో నేరుగా రాయబోయి ప్రతిసారీ కూలిపోయేది. నా లాప్‌టాప్‌లో మాత్రం బాగానే నడిచేది.

"అన్నా, గీ మెషీన్ల సీదా రాయరాదు. సిస్టమ్ కాల్ పెట్టి, మెషీన్‌ను నడిపే కర్నెల్‌తోని రాయించాలె. నడిచే సాంచల మా బాపు చెయ్యి పెట్టనిస్తడా?" అంది. సిరిసిల్లలో సాంచలనే మరమగ్గాల ఇంటి పిల్ల కదా.

రజిత అలా రాసి నడిపించగానే, మా ఆఫీసు సార్ అందరి ముందూ ఆమెను మెచ్చుకున్నాడు. నాతో మాత్రం, "నువ్వు గూడ జర నేర్చుకో" అన్నాడు.

అన్నం సహించలేదు. ఒక్క తప్పయినా దొరకాలని ఆమె కోడ్ మొత్తం వెతికాను. దొరకలేదు. ఫైలు మొదట్లో, రాసినవాళ్ల పేర్లలో, తన పేరు కంటే ముందు నాది పెట్టింది.

అది చూసినప్పటినుంచి ఇంకా ఎక్కువ మండుతోంది.